ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్.. ఫోన్‌లో 12 ఎంబీ! మోసమా? లెక్క తేడానా? నెట్ స్పీడ్ గుట్టు ఇదీ

ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంటుంది. నెలనెలా బిల్లు కూడా టైమ్‌కే కడతారు. తీరా ఏదైనా పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెడితే మాత్రం స్క్రీన్ మీద స్పీడ్ 11, 12 ఎంబీ దాటదు. "వంద అని చెప్పి పన్నెండు ఇస్తారా?" అని కస్టమర్ నిలదీస్తాడు. "మా సైడ్ అంతా కరెక్టే సార్" అంటాడు కేబుల్ ఆపరేటర్. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు అపార్ట్‌మెంట్ల నుంచి కుప్పం పల్లెల దాకా ఈ పంచాయితీ ఎక్కడైనా ఉండేదే.

నిజానికి చాలాసార్లు ఇద్దరి మాటా కరెక్టే. ఒకరు బిట్లలో మాట్లాడుతున్నారు, ఇంకొకరు బైట్లలో చూస్తున్నారు. అలాగని ప్రతిసారీ తప్పు లెక్కదే కాదు. కొన్నిసార్లు కట్టిన డబ్బుకు తగ్గ స్పీడ్ నిజంగానే రాదు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే జేబుకే చిల్లు. స్పీడ్ బాగానే వస్తున్నా చాలడం లేదనుకుని పెద్ద ప్లాన్ తీసుకునేవాళ్లు కొందరు. నిజంగా తక్కువ వస్తున్నా "ఇంతేలే" అని సర్దుకుపోయేవాళ్లు ఇంకొందరు. మరి ఏది లెక్క తేడా? ఏది నిజమైన కోత? ఎలా తెలుసుకోవాలో చూద్దాం.

తెలుగులో రెండూ 'ఎంబీ'నే.. అసలు తంటా అక్కడే!

డేటాలో అన్నిటికన్నా చిన్న ముక్క బిట్. అది సున్నా కావచ్చు, ఒకటి కావచ్చు. ఇలాంటి ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. పాత లెక్కలో ఎనిమిది అణాలు కలిస్తే అర్ధరూపాయి అయినట్టే. ఎనిమిది అణాలు చేతిలో పెట్టి ఎనిమిది అర్ధరూపాయలు ఇచ్చామంటే ఎవరైనా ఒప్పుకుంటారా? నెట్ స్పీడ్ దగ్గర మాత్రం ఈ పొరపాటు రోజూ జరుగుతోంది.

ఇంగ్లిష్‌లో బిట్‌కు చిన్న బి, బైట్‌కు పెద్ద బి రాస్తారు. అక్షరం సైజు చూసి తేడా పట్టేయొచ్చు. తెలుగులో చిన్న బి, పెద్ద బి అనేవి లేవు. మెగాబిట్ అయినా, మెగాబైట్ అయినా 'ఎంబీ' అనే రాస్తాం, అలాగే పలుకుతాం. అందుకే ఈ కథనంలో బిట్లు, బైట్లు అని విడిగా చెబుతున్నాం.

టెలికాం కంపెనీలు ఎప్పుడూ బిట్లలోనే లెక్క చెబుతాయి. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్స్ పర్ సెకండ్. అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు వస్తాయన్నది. ఇది కస్టమర్లను బురిడీ కొట్టించడానికి కనిపెట్టిన మాట కాదు. వైరు మీద బిట్లు ఒకదాని వెనుక ఒకటి పోతాయి కాబట్టి టెలిఫోన్ ఇంజనీర్లు మొదటి నుంచీ అలాగే కొలుస్తున్నారు. పాత డయలప్ మోడెమ్ స్పీడ్ 56 కేబీపీఎస్ అన్నా అవి కిలోబిట్లే.

ఫోన్, కంప్యూటర్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు లెక్క వేరు. వీటిలో ఫైళ్లు ఉంటాయి. ఫైల్ సైజు బైట్లలో ఉంటుంది కాబట్టి కాపీ స్పీడ్, డౌన్‌లోడ్ స్పీడ్ కూడా బైట్లలోనే చూపిస్తాయి. రెడ్‌మీ లాంటి ఫోన్లలో సెట్టింగ్ ఆన్ చేస్తే పైన గడియారం పక్కన కనిపించే స్పీడ్ కూడా బైట్ల లెక్కే. అన్నట్టు, షావోమీ కంపెనీ మన దేశంలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలోనే. 2015 ఆగస్టులో ఫాక్స్‌కాన్ ప్లాంట్ నుంచి రెడ్‌మీ 2 ప్రైమ్ బయటకు వచ్చింది. ఇక స్పీడ్ టెస్ట్ యాప్‌లు సాధారణంగా బిట్లలో చూపిస్తాయి. అంటే ఒకే ఫోన్‌లో పైన ఒక లెక్క, యాప్‌లో ఇంకో లెక్క!

8తో భాగిస్తే చాలు

ప్లాన్‌లో రాసిన ఎంబీపీఎస్‌ను 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబైట్లో తెలిసిపోతుంది. తిరగేసి చూడాలంటే, ఫోన్‌లో కనిపించే మెగాబైట్లను 8తో గుణించాలి.

• 2 ఎంబీపీఎస్ = సెకనుకు 250 కిలోబైట్లు
• 15 ఎంబీపీఎస్ = సెకనుకు 1.875 మెగాబైట్లు
• 40 ఎంబీపీఎస్ = సెకనుకు 5 మెగాబైట్లు
• 100 ఎంబీపీఎస్ = సెకనుకు 12.5 మెగాబైట్లు
• 300 ఎంబీపీఎస్ = సెకనుకు 37.5 మెగాబైట్లు
• 1 జీబీపీఎస్ = సెకనుకు 125 మెగాబైట్లు

ఉదాహరణకు 2 జీబీ సినిమా ఉందనుకుందాం. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు 5 మెగాబైట్లు. 2,000ను 5తో భాగిస్తే 400 సెకన్లు. అంటే ఆరు నిమిషాల 40 సెకన్లు. అదే ఫైల్ 300 ఎంబీపీఎస్ వచ్చే 5జీ స్పాట్‌లో అయితే 53 సెకన్లలో దిగిపోతుంది. "2 జీబీ అంటే 2,000 ఎంబీ, ప్లాన్ 40 ఎంబీ, 50 సెకన్లలో అయిపోవాలి కదా" అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

పన్నెండున్నర కూడా పూర్తిగా రాదు.. ఎందుకు?

100 ఎంబీపీఎస్ అంటే 12.5 మెగాబైట్లు. కానీ కంప్యూటర్‌లో 11.3 దగ్గరే ఆగుతుంది. ఆ మిగతాది ఎక్కడికి పోయింది? దీనికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది ప్యాకింగ్ ఖర్చు. నెట్‌లో డేటా ముక్కలు ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కకూ ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోవాలి అనే అడ్రస్, తప్పుల చెకింగ్ లాంటివి అతికిస్తారు. మామిడికాయల లోడు తూకం వేస్తే అందులో ట్రేల బరువు కూడా కలిసినట్టు అన్నమాట. సాధారణ ఈథర్‌నెట్ లైన్‌లో ఒక్కో ముక్క 1,538 బైట్ల చోటు తీసుకుంటే, అందులో మన ఫైల్ 1,460 బైట్లే. అంటే సుమారు 95 శాతం. 100 ఎంబీపీఎస్‌లో దాదాపు 95 మాత్రమే మన సరుకు. 8తో భాగిస్తే 11.87 మెగాబైట్లు.

రెండోది వెయ్యి లెక్క. టెలికాం కంపెనీలకు కిలో అంటే 1,000. విండోస్ కంప్యూటర్‌కు కిలో అంటే 1,024. మెగాకు వచ్చేసరికి ఈ తేడా దాదాపు 5 శాతం అవుతుంది. అందుకే 11.87 కాస్తా స్క్రీన్ మీద 11.3గా కనిపిస్తుంది. 128 జీబీ పెన్‌డ్రైవ్ కొని విండోస్ కంప్యూటర్‌కు పెడితే 119 జీబీ చూపించడానికీ ఇదే కారణం. షాపువాడు తగ్గించి ఇవ్వలేదు, కంప్యూటర్ కొలిచే గిన్నె పెద్దది అంతే.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే.. లాన్ వైరు పెట్టి చూసినప్పుడు 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 11 నుంచి 12 మెగాబైట్లు వస్తే కంపెనీ ఇవ్వాల్సింది ఇచ్చినట్టే. 5, 6 మాత్రమే వస్తుంటే అప్పుడు అనుమానించాలి. అయితే అనుమానం మొదట కంపెనీ మీద కాదు, సొంత ఇంట్లో సామాను మీద!

దారిలో ఎక్కడ ఇరుకో.. అక్కడి స్పీడే చివరికి మిగిలేది

నెట్ అనేది ఒకే పైపు కాదు. టవర్ లేదా ఫైబర్, బయట బాక్స్, ఇంట్లో రూటర్, లాన్ వైరు లేదా వైఫై, చివరికి ఫోన్. వీటిలో ఏది అన్నిటికన్నా ఇరుకుగా ఉందో దాని స్పీడే మనకు దక్కుతుంది. నాలుగు లైన్ల హైవే మీద ఎంత ఝామ్మని వచ్చినా, చివర్లో సందు ఇరుకైతే బండి అక్కడ మెల్లగా పోవాల్సిందే కదా.

రూటర్ పోర్టు: చాలా చౌక రూటర్లలో లాన్ పోర్టు గరిష్ఠ స్పీడ్ 100 ఎంబీపీఎస్ మాత్రమే. ఇలాంటి రూటర్ పెట్టుకుని 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే సగం డబ్బు వృథా. రూటర్ అడుగున లేదా డబ్బా మీద 'గిగాబిట్' అని ఉందో లేదో చూసుకోవాలి.

లాన్ వైరు: ఈ వైరు లోపల ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలు సరిపోతాయి. గిగాబిట్ స్పీడ్ రావాలంటే ఎనిమిదీ పనిచేయాలి. క్లిప్ సరిగ్గా బిగించక ఒక్క తీగ వదులైనా లైన్ దానంతటదే 100కు పడిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లింక్ స్పీడ్ చూస్తే 100 ఉందా, 1000 ఉందా తెలిసిపోతుంది.

వైఫై: ఎక్కువ గొడవలకు మూలం ఇదే. పాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో మామూలు ఫోన్‌కు దొరికే లింక్ స్పీడ్ 72 ఎంబీపీఎస్. అందులో నిజంగా చేతికి వచ్చేది 40, 50 మాత్రమే. బైట్లలో చెప్పాలంటే సెకనుకు 5, 6 మెగాబైట్లు. 5 గిగాహెర్ట్జ్ వైఫై అయితే సాధారణ ఫోన్‌కే 433 ఎంబీపీఎస్ లింక్ దొరుకుతుంది. కాకపోతే గోడలు దాటే శక్తి దీనికి తక్కువ. రూటర్ హాల్లో పెట్టి రెండు గోడల అవతల బెడ్‌రూమ్‌లో టెస్ట్ చేస్తే 100 ఎలా వస్తుంది? 5 గిగాహెర్ట్జ్ వైఫైకి, 5జీ మొబైల్ నెట్‌వర్క్‌కు సంబంధం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బయటి ఫైబర్: ఇళ్లకు ఎక్కువగా వాడే జీపాన్ టెక్నాలజీలో ఒక ఫైబర్ కిందకు 2.488 జీబీపీఎస్, పైకి 1.244 జీబీపీఎస్ మోస్తుంది. దాన్ని 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. 32 ఇళ్లూ ఒకే క్షణంలో ఫుల్‌గా లాగితే ఇంటికి వచ్చేది సుమారు 77 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. కానీ ఆపరేటర్ వెనకవైపు తీసుకున్న లైన్ చిన్నదైతే రాత్రి 9 గంటలప్పుడు బయటపడిపోతుంది.

అప్‌లోడ్ స్పీడ్ సంగతి: తిరుమలకు ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఇంకొకటి ఉన్నట్టే.. అప్‌లోడ్, డౌన్‌లోడ్ దారులు వేరు. వాటి స్పీడ్ సమానంగా ఉండాలని లేదు. ప్లాన్ పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఎక్కువగా డౌన్‌లోడ్ స్పీడే. వీడియోలు అప్‌లోడ్ చేసేవాళ్లు రెండో అంకె కూడా అడిగి తెలుసుకోవాలి.

రోజుకు 1.5 జీబీ.. ఎంతసేపు వీడియో?

మొబైల్ ప్యాక్‌లో ఇంకో చిక్కు ఉంది. వీడియో నాణ్యత బిట్లలో ఉంటుంది, ప్యాక్ బైట్లలో ఉంటుంది. దీనికో చిన్న చిట్కా ఉంది. వీడియోకు పట్టే ఎంబీపీఎస్‌ను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలు ఖర్చవుతాయో వచ్చేస్తుంది.

నెట్‌ఫ్లిక్స్ చెబుతున్న లెక్క ప్రకారం 720పీ వీడియోకు 3, ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకు 15 ఎంబీపీఎస్ ఉండాలి. ఆ స్పీడ్ అంతా వాడుకుంటే..

• 3 ఎంబీపీఎస్ = గంటకు 1.35 జీబీ
• 5 ఎంబీపీఎస్ = గంటకు 2.25 జీబీ
• 15 ఎంబీపీఎస్ = గంటకు 6.75 జీబీ

అంటే 1.5 జీబీ ప్యాక్‌తో 5 ఎంబీపీఎస్ వీడియో చూస్తే 40 నిమిషాల్లో ఖాళీ. 2 జీబీ ప్యాక్ అయితే 53 నిమిషాలు. శ్రీవారి బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవను ఇంటి నుంచే ఫోన్‌లో లైవ్ చూడాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుంటే మంచిది. అదే వీడియోను 1 ఎంబీపీఎస్ క్వాలిటీకి తగ్గిస్తే 1.5 జీబీ మూడు గంటల 20 నిమిషాలు వస్తుంది. చిన్న స్క్రీన్ మీద ఆ తేడా అంతగా తెలియదు కూడా.

మరి డేటా అయిపోయాక? చాలా ప్లాన్లలో 'అన్‌లిమిటెడ్' అని రాసి, కింద చిన్న అక్షరాల్లో 64 కేబీపీఎస్ అని ఉంటుంది. అది 64 కిలోబిట్లు. బైట్లలో సెకనుకు 8 కిలోబైట్లు మాత్రమే. 1 మెగాబైట్ ఫొటో రావడానికి 125 సెకన్లు, అంటే రెండు నిమిషాలు దాటుతుంది. వాట్సాప్ టెక్స్ట్ మెసేజ్ వెళ్తుంది కానీ వీడియో అనేది మర్చిపోవాల్సిందే.

ఎంత ఉంటే బ్రాడ్‌బ్యాండ్? సర్కారు లెక్క ఇదీ

2004 బ్రాడ్‌బ్యాండ్ పాలసీ ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండ్ కిందే లెక్క. అంటే సెకనుకు 32 కిలోబైట్లు. తర్వాత దాన్ని 512 కేబీపీఎస్‌కు పెంచారు. 2023 జనవరిలో కేంద్రం కనీస డౌన్‌లోడ్ స్పీడ్‌ను 2 ఎంబీపీఎస్ చేసింది. బైట్లలో చూస్తే 250 కిలోబైట్లు. కాగితం మీద ఎనిమిది రెట్లు పెరిగినా, 720పీ వీడియోకు ఇది కూడా చాలదు.

2011లో కేంద్రం ఆమోదించిన నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ లక్ష్యం ప్రతి గ్రామ పంచాయతీకి 100 ఎంబీపీఎస్. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. వినడానికి పెద్ద అంకెలా ఉన్నా, ఊళ్లో 50 ఇళ్లు ఒకేసారి వాడితే ఇంటికి మిగిలేది 2 ఎంబీపీఎస్. 'ఊరికి 100' వేరు, 'ఇంటికి 100' వేరు.

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఊళ్లకు చేర్చింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని లాంఛనంగా ప్రారంభించారు. మొదట్లో ప్రచారంలోకి వచ్చిన 149 రూపాయల ప్లాన్‌లో స్పీడ్ 15 ఎంబీపీఎస్, డేటా 5 జీబీ. లెక్క వేస్తే ఫుల్ స్పీడ్‌తో ఆ 5 జీబీ దాదాపు 45 నిమిషాల్లో అయిపోతుంది. స్పీడ్ ఎంత అన్నదే కాదు, ఆ స్పీడ్ ఎంతసేపు ఉంటుందన్నదీ చూడాలని చెప్పడానికి ఇదో ఉదాహరణ. లిమిట్ దాటిన తర్వాత కూడా వైర్ బ్రాడ్‌బ్యాండ్ స్పీడ్ 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదని 2016లో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది.

ఇక 5జీ విషయానికొస్తే 2022 అక్టోబర్‌లో దేశంలో మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో జియో రాష్ట్రంలో తొలి విడతగా తిరుమల, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరులో సేవలు ప్రారంభించింది. అయితే టవర్ స్పీడ్ కూడా అందరూ పంచుకునేదే. గరుడ సేవ రాత్రి మాడ వీధుల్లో లక్షల మంది ఒకేసారి వీడియో పంపాలని చూస్తే ఎంత పెద్ద టవర్ అయినా నెమ్మదించక తప్పదు.

టైప్-సి అంటే స్పీడ్ అనుకుంటే పొరపాటే

నెట్‌లో వచ్చిన ఫైల్‌ను ఫోన్ నుంచి కంప్యూటర్‌కు, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌కు మార్చేటప్పుడు మళ్లీ ఇదే లెక్క ఎదురవుతుంది. యూఎస్‌బీ స్పీడ్ చెప్పేది బిట్లలోనే.

• యూఎస్‌బీ 2.0: 480 ఎంబీపీఎస్. కాగితం మీద సెకనుకు 60 మెగాబైట్లు, చేతికి వచ్చేది 30 నుంచి 40.
• యూఎస్‌బీ 3.0: 5 జీబీపీఎస్. ప్రతి 8 బిట్లకు 10 బిట్లు పంపే పద్ధతి కాబట్టి ఇక్కడ 8తో కాదు, 10తో భాగించాలి. గరిష్ఠంగా 500 మెగాబైట్లు.
• సాటా 3 హార్డ్‌డిస్క్ పోర్టు: 6 జీబీపీఎస్. ఇక్కడా 10తోనే భాగించాలి. 600 మెగాబైట్లు.

టైప్-సి అనేది పిన్ ఆకారం మాత్రమే, స్పీడ్ కాదు. ఐఫోన్ 15లో టైప్-సి పోర్టే ఉన్నా స్పీడ్ యూఎస్‌బీ 2.0దే, అంటే 480 ఎంబీపీఎస్. ఐఫోన్ 15 ప్రోలో అదే ఆకారం పోర్టు 10 జీబీపీఎస్ దాకా ఇస్తుంది. కేబుల్ కూడా చూసుకోవాలి. చాలా చార్జింగ్ కేబుళ్లు యూఎస్‌బీ 2.0 స్పీడ్‌కే పనిచేస్తాయి.

మెమరీ కార్డు దగ్గరకొస్తే మళ్లీ బైట్లు! క్లాస్ 10 అంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు రాస్తుంది. వీ30 అంటే 30 మెగాబైట్లు. కెమెరా మెనూలో మాత్రం వీడియో స్పీడ్ బిట్లలో ఉంటుంది. 4కే వీడియో 100 ఎంబీపీఎస్ అని పెడితే కార్డుకు కావాల్సింది 12.5 మెగాబైట్లు. క్లాస్ 10 కార్డు గ్యారంటీ ఇచ్చేది 10 మాత్రమే. మధ్యలో రికార్డింగ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. వీ30 అయితే నిశ్చింతగా ఉండొచ్చు. ముహూర్తం మళ్లీ రాదు కాబట్టి పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ఈ చిన్న భాగహారం ముందే చేసుకోవాలి.

60 జీబీ పెళ్లి వీడియో.. నెట్‌లో పంపాలా? బస్సులోనా?

తిరుపతిలో షూట్ చేసిన పెళ్లి వీడియోను చిత్తూరులో ఎడిటింగ్ చేసే వ్యక్తికి పంపాలి అనుకుందాం. 100 ఎంబీపీఎస్‌లో 80 నిమిషాలు తీస్తే ఫైల్ 60 జీబీ అవుతుంది.

అప్‌లోడ్ స్పీడ్ 20 ఎంబీపీఎస్ ఉంటే సెకనుకు 2.5 మెగాబైట్లు. మొత్తం పంపడానికి 24,000 సెకన్లు, అంటే ఆరు గంటల 40 నిమిషాలు. అటువైపు ఆయన డౌన్‌లోడ్ చేసుకునే టైమ్ అదనం.

అదే ఫైల్‌ను సెకనుకు 100 మెగాబైట్లు రాసే డ్రైవ్‌లో వేయడానికి పది నిమిషాలు పడుతుంది. బస్సెక్కి రెండు గంటల్లో చిత్తూరు చేరితే.. ఆ బస్సు స్పీడ్ సుమారు 66 ఎంబీపీఎస్ అన్నమాట! నవ్వులాటగా అనిపించినా లెక్క పక్కా. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ ఉంటే ఒక గంట 20 నిమిషాల్లో పంపేయొచ్చు, అప్పుడు బస్సు ఓడిపోతుంది. ఏది మేలో తేల్చేది ప్లాన్ మీద ఉన్న డౌన్‌లోడ్ స్పీడ్ కాదు, అప్‌లోడ్ స్పీడ్.

స్పీడ్ ఉన్నా దర్శనం టికెట్ ఎందుకు దొరకదు?

టీటీడీ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలినప్పుడల్లా చాలామంది అనుకునేది ఒకటే.. నెట్ స్పీడ్ ఎక్కువ ఉంటే ముందు దొరుకుతుందని. ఇందులో నిజం తక్కువ. బుకింగ్ పేజీకి పట్టే డేటా వీడియోతో పోలిస్తే చాలా కొంచెం. 10 ఎంబీపీఎస్ ఉన్నా, 300 ఉన్నా పెద్ద తేడా ఉండదు.

ఇక్కడ చూడాల్సింది లేటెన్సీ. మన క్లిక్ సర్వర్‌కు చేరి జవాబు తిరిగి రావడానికి పట్టే టైమ్ అది. స్పీడ్ టెస్ట్ యాప్‌లో 'పింగ్' అని మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. దీన్ని ఏ లెక్కతోనూ ఎంబీపీఎస్‌లోకి మార్చలేం. రోడ్డు వెడల్పు వేరు, ప్రయాణానికి పట్టే టైమ్ వేరు. పింగ్ బాగున్నా సర్వర్ దగ్గర క్యూ ఉంటే ఆగాల్సిందే. కాబట్టి టికెట్ కోసం అని పెద్ద ప్లాన్‌కు మారడం దండగ. సిగ్నల్ స్థిరంగా ఉండే చోట కూర్చోవడం, భక్తుల వివరాలు ముందే రెడీగా పెట్టుకోవడం మేలు.

ఫిర్యాదు చేసే ముందు ఈ ఐదు పనులు చేయండి

1. రూటర్‌కు లాన్ వైరుతో ల్యాప్‌టాప్ పెట్టి టెస్ట్ చేయాలి. వైఫై మీద చేసిన టెస్ట్ చూపిస్తే ఆపరేటర్ ఒప్పుకోడు. ఆ టైమ్‌లో టీవీ, మిగతా ఫోన్లు నెట్ వాడకుండా చూసుకోవాలి.

2. వచ్చిన అంకె బిట్లలో ఉందా, బైట్లలో ఉందా చూడాలి. బైట్లలో ఉంటే 8తో గుణించి ప్లాన్‌తో పోల్చాలి.

3. ల్యాప్‌టాప్ లింక్ స్పీడ్, రూటర్ పోర్టు స్పీడ్ ప్లాన్ కంటే తక్కువ కాకుండా ఉన్నాయో లేదో చూడాలి. తక్కువ ఉంటే తప్పు లైన్‌ది కాదు.

4. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి 9 గంటలకు.. మూడు సార్లు టెస్ట్ చేసి తేదీతో స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. మొబైల్ డేటా అయితే ట్రాయ్ మైస్పీడ్ యాప్ వాడొచ్చు.

5. డేటా లిమిట్ దాటిందేమో చూసుకోవాలి. దాటితే స్పీడ్ తగ్గడం ప్లాన్‌లో ముందే రాసి ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా ప్లాన్ స్పీడ్‌లో సగమే వస్తుంటే అది లెక్క తేడా కాదు. మొదట కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోవాలి. టెలికాం ఫిర్యాదులకు 198 నంబర్ ఉంది. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీల్ చేసుకోవచ్చు. ట్రాయ్ నేరుగా ఒక్కొక్కరి ఫిర్యాదు పరిష్కరించదు. అయితే టెలికాం సేవల్లో లోపం ఉంటే వినియోగదారుల ఫోరాలకు వెళ్లొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు నిలబడాలంటే డాకెట్ నంబరు, స్క్రీన్‌షాట్లే ఆధారం.

"నెట్ స్లో" అని ఫోన్ చేస్తే "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే జవాబు వస్తుంది. అదే "లాన్ వైరు మీద టెస్ట్ చేశాం, లింక్ స్పీడ్ 1000 ఉంది, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మూడు పూటలా 45 మెగాబిట్లే వస్తోంది" అని చెబితే అవతలివాళ్లు తప్పించుకోవడానికి దారి ఉండదు. ఎనిమిదో ఎక్కం వస్తే చాలు, కట్టే డబ్బుకు లెక్క అడగొచ్చు.